కౌలాలంపూర్ డిబేట్ టోర్నమెంటుకి మా పిల్లలు వెళ్తున్నారు, అనుభవం ఉన్నవాళ్లు సలహా ఇవ్వండి

విజయనగరం_మాస్టారు | 2024 సెప్టెంబరు 14

అందరికీ నమస్కారం. విజయనగరం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. మూడేళ్ల క్రితం నలుగురు పిల్లలతో డిబేట్ క్లబ్ మొదలుపెట్టాం. శనివారం మధ్యాహ్నం లైబ్రరీ వెనక గదిలో కూర్చుంటాం. మొదట్లో మాట్లాడేవాళ్లకంటే ఫ్యాన్ శబ్దమే ఎక్కువ వినిపించేది. ఇప్పుడు ఇరవై రెండు మంది వస్తున్నారు.

సంగతేమిటంటే, డిసెంబరులో కౌలాలంపూర్‌లో ఒక యూనివర్సిటీ నిర్వహించే అంతర్జాతీయ డిబేట్ టోర్నమెంటుకి మా జట్టుకి సీటు వచ్చింది. ఒక అమ్మాయి, బీఎస్సీ మూడో సంవత్సరం. ఒక అబ్బాయి, బీకామ్ రెండో సంవత్సరం. జట్టుతో ఒక జడ్జి కూడా రావాలన్నారు కాబట్టి నేనూ వెళ్లాలి. ముగ్గురిలో ఎవరమూ ఇంతకుముందు విమానం ఎక్కలేదు.

నాకు తెలియనివి చాలా ఉన్నాయి. పాస్‌పోర్టులు, డబ్బు, ప్రాక్టీసు ఎలా చేయించాలి, అన్నీ. కానీ అన్నిటికంటే ముందు ఒకటి అడగాలి. అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మీడియం. రిజిస్ట్రేషన్ ఫారంలో ఈఎస్‌ఎల్ అని ఒక గడి ఉంది, ఇంగ్లీషు రెండో భాష అయినవాళ్లకి. అక్కడ టిక్ పెట్టమంటే, "సార్, అది పెడితే మేం తక్కువని మేమే రాసిచ్చినట్టు కాదా?" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రాత్రంతా అదే ఆలోచన.

కూకట్‌పల్లి_అక్క | 2024 సెప్టెంబరు 14

మాస్టారూ, ముందు మీ ముగ్గురికీ అభినందనలు. ఆ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. నేను లా చదివేటప్పుడు ఐదేళ్లు డిబేట్ చేశాను. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ల టోర్నమెంటుతో మొదలుపెట్టి 2020 వరల్డ్స్‌కి బ్యాంకాక్ దాకా వెళ్లాను. వరల్డ్స్ అంటే ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేట్ చాంపియన్‌షిప్. 1981లో గ్లాస్గోలో మొదలైంది. 2014లో మన చెన్నైలో కూడా జరిగింది.

అక్కడ నేను చూసినది చెప్తాను. ఈఎస్‌ఎల్ అంటే రాయితీ కాదు. ఓపెన్ జట్లు (ఆ గడిలో టిక్ పెట్టనివి) ఏ మోషన్ (వాదించాల్సిన అంశం) మీద మాట్లాడతాయో వీళ్లూ అదే మోషన్ మీద, అదే గదిలో, అదే ఏడు నిమిషాలు మాట్లాడతారు. అదనంగా మార్కులు కలపరు. లీగ్ రౌండ్లు అయ్యాక ఓపెన్ నాకౌట్లతో పాటు ఈఎస్‌ఎల్ జట్లకి విడిగా నాకౌట్లు ఉంటాయి, అంతే తేడా. గడి పెట్టినంత మాత్రాన ఓపెన్ నాకౌట్లు దూరం కావు, పాయింట్లు వస్తే అందులోకే వెళ్లొచ్చు. మీ అమ్మాయిని ఇంట్లో ఏ భాష, బడిలో ఏ మీడియం అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. నిజం రాయడంలో తక్కువేముంది?

ఇంకోటి. 2022 వరల్డ్స్ ఓపెన్ కప్పు గెలిచింది ఢాకాలోని బ్రాక్ యూనివర్సిటీ. ఆసియా నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి జట్టు అదే. మరుసటి ఏడాది మాడ్రిడ్‌లో మనీలాకి చెందిన అటెనియో యూనివర్సిటీ గెలిచింది. ఇంట్లో బెంగాలీ, ఫిలిపినో మాట్లాడే ఊళ్ల నుంచి వచ్చిన జట్లు అవి. ఈ రెండు సంగతులూ తనకి చెప్పండి.

నెల్లూరు_నాన్న | 2024 సెప్టెంబరు 15

మాస్టారూ, పాస్‌పోర్టు దగ్గర జాగ్రత్త. మా అబ్బాయికి స్కూల్ డిబేట్ కోసం తీసినప్పుడు పేరు దగ్గరే ఇరుక్కుపోయాం. మన పిల్లలకి టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక అక్షరమే ఉంటుంది. ముందు ఆధార్ సరిచేయించి, రెండింట్లో ఒకేలా ఉన్నాకే అప్లై చేయండి. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకి ఫీజు 1,500. తత్కాల్ అయితే ఇంకో 2,000. మీకు టైముంది, మామూలుదే చాలు.

విమానం టికెట్ మీద కూడా పాస్‌పోర్టులో ఏది ఇంటిపేరుగా, ఏది పేరుగా ఉందో సరిగ్గా అలాగే ఉండాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదా, వాళ్ల ఫారంలో చివర అడుగుతారు. తారుమారు చేస్తే విమానాశ్రయంలో టెన్షన్ పడాల్సి వస్తుంది.

మలేషియాకి వీసా అక్కర్లేదు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లకి 30 రోజుల దాకా వీసా లేకుండానే పంపిస్తున్నారు. కానీ ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది అసలుది కాదు.

విజయనగరం_మాస్టారు | 2024 సెప్టెంబరు 16

అక్కగారికి, నాన్నగారికి ధన్యవాదాలు. అమ్మాయికి మీ పోస్టు చదివి వినిపించాను. ఢాకా గురించి రెండుసార్లు అడిగింది. ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసుకుని గడిలో టిక్ పెట్టింది.

ఇక ఖర్చు. విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి ఈ ఏప్రిల్‌లో ఎయిర్ ఏషియా నేరుగా విమానం మొదలుపెట్టింది కాబట్టి హైదరాబాద్ వెళ్లే పని తప్పింది. ముగ్గురికీ రానూపోనూ టికెట్లు 57,000. రిజిస్ట్రేషన్ 25,500. బస 24,000. తిండి, అక్కడి తిరుగుడు 18,000. ఇన్సూరెన్సు 2,100. పిల్లలిద్దరి పాస్‌పోర్టులకి 3,000. మొత్తం 1,29,600. కాలేజీ 40,000 ఇస్తామంది. పాత విద్యార్థులు కలిసి 50,000 వేశారు. ఇంకా నలభై వేలు కావాలి. నా టికెట్ నేనే పెట్టుకుంటే సగం తీరుతుంది, మిగతాది చూడాలి.

ప్లేస్‌మెంట్_సెల్ | 2024 సెప్టెంబరు 16

మాస్టారూ, తప్పుగా అనుకోకండి. నేనూ చిన్న ఊరి కాలేజీలోనే పనిచేస్తున్నాను. లక్షా ముప్పై వేలు ఇద్దరు పిల్లల మీద నాలుగు రోజులకి పెట్టేబదులు, అదే డబ్బుతో ఇరవై రెండు మందికీ ఏడాది పాటు బ్యాంకు పరీక్షల కోచింగ్ ఇప్పించొచ్చు. పిల్లల తల్లిదండ్రులకి కావలసింది ఉద్యోగం. తిరిగొచ్చాక ఆ సర్టిఫికెట్ చూసి ఎవరు ఉద్యోగమిస్తారు? ఇది నాకు నిజంగా బాధ కలిగించే ప్రశ్న, అందుకే అడుగుతున్నాను.

నెల్లూరు_నాన్న | 2024 సెప్టెంబరు 16

సార్, మీ బాధ అర్థమైంది. తండ్రిగా నేనూ అలాగే లెక్కలు వేసుకున్నవాణ్ణే. 2019లో బ్యాంకాక్‌లో జరిగిన ప్రపంచ స్కూళ్ల డిబేట్ చాంపియన్‌షిప్ ఇండియా గెలిచిందని పేపర్లో చదివి మావాడు ఈ దారి పట్టాడు. నేను వద్దన్నాను. ఒకసారి బెంగళూరులో వాడి డిబేట్ చూడ్డానికి వెళ్లాను. మోషన్ చెప్పి గంట టైమిచ్చారు, ఫోన్లు తీసేసుకున్నారు. ముగ్గురు పిల్లలు ఒక గదిలో కూర్చుని గంటలో ఒక పక్షం నిలబెట్టారు. వాడు నమ్మేదానికి సరిగ్గా వ్యతిరేక పక్షం అది. ఎనిమిది నిమిషాలు నిలబడి మాట్లాడాడు. ఇంటికొచ్చాక నాతో వాదన తగ్గింది, వినడం ఎక్కువైంది. అది ఏ కోచింగులో నేర్పుతారు? ఉద్యోగం సంగతి నేను హామీ ఇవ్వలేను, కానీ ఆ రోజు నేను చూసింది మాత్రం నిజం.

ప్లేస్‌మెంట్_సెల్ | 2024 సెప్టెంబరు 17

వినడం ఎక్కువైందన్న మాట బాగుంది. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, అయినా పిల్లల్ని ఆపమని అనను. వెళ్లొచ్చినవాళ్లు మిగతా ఇరవై మందికి నేర్పాలన్న షరతు పెట్టండి మాస్టారూ.

మోడరేటర్ | 2024 సెప్టెంబరు 17

సభ్యులకి విజ్ఞప్తి. కొందరు డబ్బు పంపుతామని నాకు మెసేజ్ చేశారు. ఇక్కడ ఎవరూ ఖాతా నంబర్లు పెట్టకండి. ఇవ్వదలచుకున్నవాళ్లు మాస్టారిని అడిగి నేరుగా కాలేజీ ఖాతాకి పంపి, కాలేజీ నుంచే రసీదు తీసుకోండి.

కూకట్‌పల్లి_అక్క | 2024 సెప్టెంబరు 21

ప్రాక్టీసు గురించి అడిగారు కదా, వివరంగా రాస్తున్నాను.

మీరు వెళ్లేది బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతి. ఒక గదిలో నాలుగు జట్లు, ఒక్కో జట్టుకి ఇద్దరు. రెండు జట్లు ప్రభుత్వ పక్షం, రెండు ప్రతిపక్షం. మోషన్ చెప్పాక పదిహేను నిమిషాలే టైము, నెట్ చూడకూడదు. మొదటి నిమిషం దాటాక, చివరి నిమిషం మొదలయ్యేలోపు అవతలి పక్షం లేచి ప్రశ్న వేయొచ్చు. దాన్నే పీఓఐ అంటాం. చివర్లో జడ్జి నాలుగు జట్లకీ ర్యాంకు ఇస్తారు, మొదటివారికి 3, ఆ తర్వాత 2, 1, 0. ఈ పద్ధతిలో చిక్కంతా రెండో ప్రభుత్వ జట్టు, రెండో ప్రతిపక్ష జట్టు అయినప్పుడే. మీ పక్షంలోని ముందు జట్టు అప్పటికే మంచి పాయింట్లన్నీ చెప్పేసి ఉంటుంది. వాళ్లని కాదనకూడదు, వాళ్లు చెప్పనిది మీరు తేవాలి. దాన్ని ఎక్స్‌టెన్షన్ అంటాం. పిల్లలకి ఎక్కువ ప్రాక్టీసు అక్కడే పెట్టండి.

ఇంకో మాట అందరూ ఒప్పుకోకపోవచ్చు. ఆ పదిహేను నిమిషాల్లో తెలుగులోనే ఆలోచించనివ్వండి, తెలుగులోనే మాట్లాడుకోనివ్వండి. నేను మొదటి రెండేళ్లు ఇంగ్లీషులో ఆలోచించాలని పట్టుబట్టి, వాక్యం అందంగా ఉందా లేదా అనే చూసుకున్నాను. లోపల వాదన బోలుగా ఉండేది. మా ఆయమ్మకి వంటింట్లో విడమరిచి చెప్పినట్టు చెప్పగలిగితే, అది ఇంగ్లీషులోకి ఎలాగోలా వస్తుంది. యాస గురించి అస్సలు పట్టించుకోవద్దు. యాసకి మార్కులు లేవు, జడ్జిలకి ముందే ఆ మాట చెప్తారు.

గుంటూరు_లెక్చరర్ | 2024 సెప్టెంబరు 21

ఇక్కడ నేను ఒప్పుకోను. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చడానికి టైము పడుతుంది. ఏడు నిమిషాల్లో నిమిషన్నర అక్కడే పోతుంది. కనీసం చివరి ఐదు నిమిషాలైనా ఇంగ్లీషులో నోట్సు రాసుకోవాలి.

కూకట్‌పల్లి_అక్క | 2024 సెప్టెంబరు 22

చివరి ఐదు నిమిషాలు ఇంగ్లీషులో రాసుకోవాలన్నది ఒప్పుకుంటున్నాను. మీది సరైన సవరణ.

విజయనగరం_మాస్టారు | 2024 అక్టోబరు 6

మీరిద్దరూ చెప్పినట్టే పెట్టాం. పది నిమిషాలు తెలుగు, ఐదు నిమిషాలు ఇంగ్లీషు. బాగా పనిచేస్తోంది. పీఓఐలు మాత్రం పిల్లల్ని భయపెడుతున్నాయి. మాట్లాడుతుంటే ఎవరో లేచి నిలబడితే గొంతు ఆగిపోతోంది.

నిన్న వాళ్లని ఒక అష్టావధానానికి తీసుకెళ్లాను. అవధాని గారు సమస్యాపూరణలో ఒక పాదం చెప్తుంటే మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డొచ్చి పెళ్లి భోజనంలో వడ గురించి అడిగాడు. అవధాని గారు నవ్వి, రెండు ముక్కల్లో చమత్కారంగా జవాబు చెప్పి, ఆపిన చోటి నుంచే పద్యం అందుకున్నారు. బయటికొచ్చాక మా అబ్బాయి, "సార్, ఆయన కంగారు పడలేదు. ఆ ప్రశ్న వస్తుందని ముందే సిద్ధంగా ఉన్నారు. వాక్యం పూర్తయ్యాకే అటు తిరిగారు" అన్నాడు. నేను చెప్పదలచుకున్నది వాడే చూసి చెప్పాడు. ఈ రోజు ప్రాక్టీసులో వాక్యం పూర్తిచేశాకే పీఓఐ తీసుకున్నారు ఇద్దరూ.

పాస్‌పోర్టు వెరిఫికేషన్ కోసం కానిస్టేబుల్ అమ్మాయి వాళ్ల ఊరు వెళ్లాడు. పోలీసు వచ్చాడని వీధంతా గుమిగూడారట. వాళ్లమ్మ వణికిపోతూనే మజ్జిగ ఇచ్చిందట. ఆయన మజ్జిగ తాగి, "మీ అమ్మాయి దేశం తరఫున మాట్లాడ్డానికి వెళ్తోందమ్మా" అని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పి వెళ్లాడట. ఆ కానిస్టేబుల్‌కి నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఊళ్లో ఇప్పుడు ఎవరూ "ఆడపిల్లని అంత దూరమా" అని అడగడం లేదు.

డబ్బు సమకూరింది. ఇచ్చినవాళ్ల పేర్లు చెప్పొద్దన్నారు, చెప్పను.

క్లాంగ్_తెలుగు | 2024 అక్టోబరు 9

నమస్కారం మాస్టారు. నాను మలేషియా తెలుగువాణ్ణి. మా ముత్తాతగారు శ్రీకాకుళం వైపు నుండి ఓడ ఎక్కి వచ్చి పేరాక్‌లో బాగాన్ దాతో దగ్గర ఎస్టేటులో పనిచేసినారు. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. మలేషియా తెలుగు సంఘం వాళ్ల తరగతులలో రాయడం నేర్చుకున్నాను.

మీ పిల్లలు వస్తే చాలా సంతోషం. కొన్ని విషయాలు చెప్తాను. ఇక్కడ కరెంటు ప్లగ్గు వేరు, మూడు చదరపు కాళ్లు ఉంటాయి. ఇండియా ఛార్జర్ పట్టదు, అడాప్టర్ తెచ్చుకోండి. మీ విమానం టెర్మినల్ 2లో దిగుతుంది. రైలు అరగంటలో కేఎల్ సెంట్రల్ స్టేషన్‌కి చేర్చుతుంది కానీ మనిషికి 55 రింగిట్, బస్సు చాలా చవక. తెల్లవారి దిగితే తొందర లేదు కదా, బస్సులో రండి. సెంట్రల్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, అరిటాకు భోజనం దొరుకుతుంది. యూనివర్సిటీ క్యాంటీనులో నాసి లెమాక్ ఉంటుంది, కొబ్బరిపాలలో వండిన అన్నం. అందులో సంబల్ అనే కారంలో ఎండు చేప ఉంటుంది, శాకాహారులు అడిగి తినండి. టైము మీకంటే రెండున్నర గంటలు ముందు.

నాను శనివారం వచ్చి పిల్లలను చూస్తాను. మీరు ఒప్పుకుంటే.

విజయనగరం_మాస్టారు | 2024 అక్టోబరు 9

ఒప్పుకోవడమేమిటండీ! మీరు "నాను" అన్నారు చూడండి, మా ఊళ్లో మా అమ్మ ఇప్పటికీ అలాగే అంటుంది. తప్పక రండి.

విజయనగరం_మాస్టారు | 2024 డిసెంబరు 13, కౌలాలంపూర్ నుంచి

క్షేమంగా చేరాం. తెల్లవారుజామున దిగాం. అబ్బాయికి కిటికీ సీటు వచ్చింది, నాలుగు గంటలూ బయట చీకటినే చూస్తూ కూర్చున్నాడు. పేర్ల దగ్గర ఇబ్బంది రాలేదు, నాన్నగారికి ధన్యవాదాలు. బస మాత్రం యూనివర్సిటీకి నలభై నిమిషాల దూరంలో ఇచ్చారు, ముందు చెప్పింది అది కాదు. సర్దుకుంటున్నాం. రేపు మూడు రౌండ్లు, ఎల్లుండి రెండు. నేను వేరే గదుల్లో జడ్జిగా ఉంటాను, మా పిల్లల గదికి నన్ను వేయరు. కాబట్టి వాళ్లు చెప్పిందే నాకు తెలుస్తుంది.

కూకట్‌పల్లి_అక్క | 2024 డిసెంబరు 14

ఎలా జరుగుతోంది మాస్టారూ? ఆఫీసులో కూర్చున్నా ధ్యాసంతా అక్కడే ఉంది.

విజయనగరం_మాస్టారు | 2024 డిసెంబరు 14

మొదటి రౌండు 0. ఇద్దరికీ నోరు పెగల్లేదట. మూడో నిమిషంలోనే కూర్చుండిపోయాడు అబ్బాయి. రెండోది 1. మూడోది 1. అమ్మాయి అన్నం తినలేదు. క్లాంగ్ సార్ వాళ్లావిడతో పులిహోర చేయించి తెచ్చారు. అమ్మాయి పక్కన కూర్చుని, "ఏటమ్మా, మా ముత్తాత ఓడలో వచ్చినప్పుడు ఇక్కడ ఒక్క మాట కూడా తెలీదు. నువ్వు ఏడు నిమిషాలు మాట్లాడినావు" అన్నారు. అప్పుడు రెండు ముద్దలు తింది. మిగతాది తనే రాస్తానంటోంది, ఇంటికొచ్చాక.

రెండో_స్పీకర్ | 2024 డిసెంబరు 19

అందరికీ నమస్కారం. మాస్టారు చెప్పిన అమ్మాయిని నేనే. ఈ థ్రెడ్ మొదటి నుంచి చదువుతున్నాను, ఇప్పుడే ఖాతా తెరిచాను. అక్కా, ముందు మీకు చెప్పాలి. టిక్ పెట్టినందుకు అక్కడ ఎవరూ మమ్మల్ని వేరుగా చూడలేదు. ఇండోనేషియా నుంచి, వియత్నాం నుంచి వచ్చిన జట్లు కూడా పెట్టాయి.

రెండో రౌండు గురించి వివరంగా రాయాలి. నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే. మోషన్ మద్యనిషేధం మీద. మేం మొదటి ప్రభుత్వ జట్టు, నిషేధం కావాలని వాదించాలి. బోర్డు మీద మోషన్ చూడగానే నాకు దూబగుంట గుర్తొచ్చింది. మా క్లబ్‌లో మాస్టారు చెప్పారు. నెల్లూరు జిల్లాలో 1992లో రోశమ్మ గారు, ఊరి ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించి కాపలా కాయడం, ఉద్యమం రాష్ట్రమంతా పాకడం, 1993లో సారా ఆగడం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పూర్తి నిషేధం పెట్టడం. ఈ గది మొత్తంలో ఇది నాకొక్కదానికే తెలుసు అనిపించి చాలా ధైర్యం వచ్చింది. లేచి కథంతా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. నాలుగో నిమిషంలో సింగపూర్ అబ్బాయి ఒకడు లేచాడు. వాక్యం పూర్తిచేసి పీఓఐ తీసుకున్నాను. వాడు ఒకటే అడిగాడు: "ఆ నిషేధం ఇప్పుడు ఉందా?"

లేదు. 1997లో ఎత్తేశారు. నాకు తెలుసు. ఆ మాటే చెప్పాను. చెప్పాక ఏం మాట్లాడాలో తెలియలేదు. కాగితంలో నా అక్షరాలు నాకే కనబడలేదు.

తర్వాత జడ్జి మేడమ్ మాకు మూడో ర్యాంకు ఎందుకిచ్చారో చెప్పారు. ఆవిడ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చారు. "నీ ఉదాహరణ నాకు చాలా నచ్చింది. కానీ ఆ ఊళ్లో పనిచేసింది ఏమిటి, చట్టమా లేక ఆడవాళ్ల కాపలానా? కాపలా అయితే, అది నీ పక్షానికి సాయం చేస్తుందా, అవతలి పక్షానికా? ఏం జరిగిందో చెప్పావు, ఎందుకు జరిగిందో చెప్పలేదు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బస్సులో నలభై నిమిషాలూ అదే ఆలోచించాను. ఆడవాళ్లు కాపలా కాయాల్సి రావడమే ఎంత కష్టమో, రోజూ రాత్రి మగవాళ్లతో గొడవపడి నిద్ర మానుకుని కాయలేరు కాబట్టే చట్టం అడిగారని, 1997లో ఎత్తేయడానికి కారణం ఆ ఆడవాళ్లు కాదు, ఖజానాకి పోయిన ఆదాయం, పక్క రాష్ట్రాల నుంచి వచ్చే దొంగ సరుకు అని చెప్పి ఉండాల్సింది. అన్నీ బస్సులోనే తోచాయి.

నాలుగో రౌండులో 2 వచ్చాయి. అది మా తమ్ముడి రౌండు (జట్టులో వాడు చిన్నవాడు కాబట్టి తమ్ముడే అంటాను). విప్ స్పీచ్ (పక్షం వాదనంతా చివర్లో కూర్చి చెప్పేది) చాలా బాగా ఇచ్చాడు. ఆరో నిమిషం దాకా కూర్చోలేదు, ఏడో నిమిషం కూడా పూర్తిచేశాడు.

ఐదో రౌండు మోషన్, గుంపు పూచీ మీద పేదలకి ఇచ్చే మైక్రోఫైనాన్స్ అప్పుల్ని ఈ సభ వ్యతిరేకిస్తుంది అని. మేం రెండో ప్రభుత్వ జట్టు. ముందు జట్టు వడ్డీ ఎక్కువ, వేధింపులు ఎక్కువ అన్నీ చెప్పేసింది. తెలుగులో మాట్లాడుకుంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఒకసారి మా పక్కింటి అత్త వాయిదా కట్టలేకపోతే అమ్మా, ఇంకో ముగ్గురూ కలిసి కట్టారు. తర్వాత ఆరు నెలలు అత్త మా ఇంటి ముందు నుంచి నడవలేదు. బోరింగు దగ్గరికి వేరే వీధిలోంచి వెళ్లేది.

ఈసారి కథతో మొదలుపెట్టలేదు. ముందు కారణం చెప్పాను. మామూలు అప్పులో బాకీ ఉండేది కంపెనీకి. గుంపు అప్పులో వసూలు చేసే పని పక్కింటివాళ్ల మీద పడుతుంది, ఎందుకంటే ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. కష్టమొస్తే మొదట ఎవరి దగ్గరికి పరిగెత్తుతామో వాళ్లే ఇప్పుడు అప్పులవాళ్లు అవుతారు. కాబట్టి పోయేది డబ్బు ఒక్కటే కాదు, డబ్బు లేనప్పుడు ఆదుకునే మనుషులు. ఆ తర్వాతే బోరింగు సంగతి రెండు వాక్యాల్లో చెప్పి, 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందని చెప్పాను. ఒకమ్మాయి లేచి, "ఇది లేకపోతే వడ్డీ వ్యాపారే కదా గతి?" అంది. "వడ్డీ వ్యాపారి నన్ను నలిపేస్తాడు. అప్పుడు ఏడవడానికి పక్కింటి అత్త ఉంటుంది" అన్నాను.

మొదటి ర్యాంకు వచ్చింది. 3 పాయింట్లు. మొత్తం 7. ఈఎస్‌ఎల్ నాకౌట్లకి 8 కావాలి. ఒక్క పాయింటు. తెర మీద జట్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే మా పేరు రాదని తెలిసినా చివరి పేరు దాకా నేనూ తమ్ముడూ చేతులు పట్టుకునే నిలబడ్డాం.

పొదుపు_సంఘం_శ్రీకాకుళం | 2024 డిసెంబరు 19

తల్లీ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నేను ఇరవై ఏళ్లు సంఘాల్లో పనిచేశాను. ఒక మాట చెప్పాలి. మన డ్వాక్రా సంఘాల్లో ముందు పొదుపు ఉంటుంది, తర్వాత బ్యాంకు అప్పు. 2010 గొడవ ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీల గుంపులది. రెండూ ఒకటి కాదు. మళ్లీ ఈ మోషన్ వస్తే ఎవరైనా ఆ తేడా అడుగుతారు.

రెండో_స్పీకర్ | 2024 డిసెంబరు 20

అమ్మా, చాలా మంచి మాట చెప్పారు. అమ్మని అడిగాను. పక్కింటి అత్తది కంపెనీ గుంపే, పొదుపు సంఘం కాదు. నేను ఆ తేడా గదిలో చెప్పలేదు. మీరు ఒప్పుకుంటే ఒక రోజు మా క్లబ్‌కి వచ్చి అందరికీ చెప్తారా?

పొదుపు_సంఘం_శ్రీకాకుళం | 2024 డిసెంబరు 20

తప్పకుండా వస్తాను. రైలెక్కితే గంటన్నర.

ప్లేస్‌మెంట్_సెల్ | 2024 డిసెంబరు 20

అమ్మాయ్, మీ పోస్టు మా కాలేజీ స్టాఫ్ రూములో చదివి వినిపించాను. బస్సులో తోచినవి రాశావు చూడు, అది మూడుసార్లు చదివించారు. జనవరిలో మా పిల్లలు ఎనిమిది మందిని తీసుకుని మీ శనివారం ప్రాక్టీసుకి రావచ్చా? బస్సు నేను చూసుకుంటాను.

విజయనగరం_మాస్టారు | 2024 డిసెంబరు 20

రండి సార్, సంక్రాంతి సెలవులయ్యాక మొదటి శనివారం మధ్యాహ్నం రెండున్నరకి. లైబ్రరీ వెనక గది చాలదు, పక్క గది తాళం కూడా అడిగి ఉంచాను. పదిహేను నిమిషాల గడియారం మా అబ్బాయి పెడతాడు. మోషన్ ఈసారి అమ్మాయే రాస్తోంది, నాకు కూడా చూపించడం లేదు.